బోల్ట్ హోల్ అంచున వచ్చే ఎరుపు నిజం స్ట్రెస్సేనా?

ఎల్ ఆకారం స్టీల్ బ్రాకెట్, మందం 8 మి.మీ., ఈల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్) 250 ఎంపీఏ. దీని మీద ఎఫ్ఈఏ (భాగాన్ని చిన్న ఎలిమెంట్ల మెష్ కింద విడగొట్టి కంప్యూటర్లో స్ట్రెస్ లెక్కించడం) చేస్తున్నా: లీనియర్ స్టాటిక్, 10 నోడ్ల టెట్రా ఎలిమెంట్లు, రెండు బోల్ట్ హోల్స్ లోపలి గోడకి ఫిక్స్‌డ్ సపోర్ట్ ఇచ్చి, రెండో కాలు చివర 2 కిలోన్యూటన్ల లోడ్ పెట్టా.

ముందు లోపలి మూల షార్ప్‌గా ఉండేది, మెష్ సగం చేసిన ప్రతిసారీ వాన్ మైసెస్ స్ట్రెస్ (ఈల్డ్ తో పోల్చే స్ట్రెస్) పెరుగుతూనే పోయింది, సింగ్యులారిటీ (మెష్ సన్నం చేసేకొద్దీ ఆగకుండా పెరిగే, నిజం కాని స్ట్రెస్) అని అర్థమై 3 మి.మీ. ఫిల్లెట్ (మూలని గుండ్రం చేయడం) పెట్టా. అక్కడ ఇప్పుడు 163 ఎంపీఏ దగ్గర ఆగిపోయింది, బానే ఉంది. కానీ గరిష్ఠ స్ట్రెస్ చూపించే ఎర్ర మచ్చ వెళ్ళి హోల్ అంచున కూర్చుంది! మెష్ 2 మి.మీ.కి 198, 1కి 236, 0.5కి 279. డిస్‌ప్లేస్‌మెంట్ మాత్రం మూడింట్లోనూ 0.41 మి.మీ.

యావరేజింగ్ (పక్కపక్క ఎలిమెంట్ల విలువల్ని సగటు చేయడం) తీసేసి చూస్తే హోల్ అంచున 279 కాస్తా 341 అవుతోంది, ఫిల్లెట్ దగ్గర మాత్రం పెద్ద తేడా లేదు. ఎరుపు కూడా ఒకే ఒక్క ఎలిమెంట్ వరస, రెండు ఎలిమెంట్లు దాటగానే ఆకుపచ్చ. రంగుల లెజెండ్ గరిష్ఠాన్ని 250కి కుదించి చూశా, అదే సన్నటి రింగు బూడిద రంగులోకి పోతుంది తప్ప కొత్తగా తెలిసిందేమీ లేదు.

నా అనుమానం ఫిక్స్‌డ్ సపోర్ట్ మీదే, నిజం బోల్టు గోడని అంత బిగుతుగా పట్టుకోదు కదా. అయినా హోల్ దగ్గర నిజంగానే స్ట్రెస్ కాన్సన్‌ట్రేషన్ (స్ట్రెస్ ఒకచోట పోగవడం) ఉంటుంది కాబట్టి గుడ్డిగా వదిలేయాలంటే భయంగా ఉంది.

ఇలాంటప్పుడు ఆ రింగుని పట్టించుకోకుండా ఫిల్లెట్ 163నే 250తో పోల్చెయ్యొచ్చా, లేక బోల్టు, ప్రీలోడ్ (బోల్టు బిగింపు బలం), కాంటాక్ట్ (భాగాలు ఒకదాన్నొకటి తాకే తీరు) పెట్టి మళ్ళీ రన్ చేయాల్సిందేనా?