‘ఆఫ్‌సైడ్ ట్రాప్’ ఉచ్చా, వలా?

ప్రశ్న:
బిల్ మెక్‌క్రాకెన్ మీద ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. 1883లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ ఫుట్‌బాల్ ఆటగాడు, గోల్‌కు ముందు కాపు కాసే ఫుల్‌బ్యాక్. అక్కడి డిస్టిలరీ జట్టు నుంచి 1904లో ఇంగ్లండ్ వెళ్లి న్యూకాజిల్ యునైటెడ్‌లో చేరాడు. ఆయన ఉండగా ఆ జట్టు 1905, 1907, 1909లలో లీగ్, 1910లో ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. కాని ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఎదుటి ఆటగాణ్ని ‘ఆఫ్‌సైడ్’ అనే తప్పులో ఇరికించే ‘ఆఫ్‌సైడ్ ట్రాప్’. నేను ‘ఆఫ్‌సైడ్ ఉచ్చు’ అని రాశాను. మా అన్నయ్య చదివి, ‘ఇది క్రికెట్ వ్యాసమా?’ అన్నాడు. పెద్దలెవరైనా సరిచేయగలరా?

జవాబు:
‘వల’ అనండి. వల పన్నడం అందరికీ తెలిసిన మాట. ఉచ్చు అంటే ఒక్క పిట్టకే. వలలో గోల్ కొట్టడానికి వచ్చే ఐదుగురు ఫార్వర్డ్‌లూ పడతారు.

మరొకరి జవాబు:
ఉచ్చుకూ వలకూ పోటీ పెట్టేముందు మీ అన్నయ్యగారి అనుమానం తీర్చాలి. చిక్కంతా అక్కడే ఉంది.

క్రికెట్ ఆఫ్‌సైడ్‌లో ‘సైడ్’ అంటే పక్క, అంటే మైదానంలో ఒక సగం. ఫుట్‌బాల్‌లో ‘సైడ్’ అంటే జట్టు. తన జట్టును దాటి ఎదుటివాళ్ల వెనక్కి చేరినవాడు ఆఫ్‌సైడ్. చిన్నప్పుడు ప్రకృతి వికృతుల్లో ‘పక్షము – పక్క’ అని వల్లించాం కదా. రెండూ ఒకే మాట బిడ్డలు. క్రికెట్‌వాళ్లు పక్కను తీసుకున్నారు, ఫుట్‌బాల్‌వాళ్లు పక్షాన్ని పట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అయినవాడు పక్షం తప్పినవాడు. (ఇది వివరణ కోసం చెబుతున్నాను, వాడమని కాదు.)

ఇక మెక్‌క్రాకెన్ ఏం చేసేవాడో దగ్గరగా చూడండి. బంతిని ముందుకు తన్నే క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడికీ గోల్ గీతకూ మధ్య ఎదుటి పక్షంవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలని అప్పటి నియమం. గోల్‌కీపర్, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, సరిగ్గా ముగ్గురు. ఎదుటివాడు బంతి తన్నబోతున్నాడని పసిగట్టగానే మెక్‌క్రాకెన్ నాలుగడుగులు ముందుకు ఉరికేవాడు. ఫార్వర్డ్ ఉన్నచోటే ఉన్నాడు, కాని అతని ముందున్న ముగ్గురూ ఇద్దరయ్యారు. ఈల మోగింది! అంచనా తప్పినా పెద్ద నష్టం లేదు, వెనక రెండో ఫుల్‌బ్యాక్ ఉండనే ఉన్నాడు.

ఇందులో ఉచ్చు ఎక్కడుంది? ఉచ్చు ముందే పన్ని పెట్టాలి, పిట్ట వచ్చి అందులో కాలు పెట్టాలి. ఇక్కడ పిట్ట కొమ్మ మీద కదలకుండా కూర్చునే ఉంది, వేటగాడే కొమ్మ లాగేశాడు. వలకూ ఇదే అభ్యంతరం. నన్నడిగితే ‘ఎత్తుగడ’ సరిపోతుంది. చదరంగంలో పావు కదిపినట్టు, ఇక్కడ కదిలేది ఎత్తు వేసేవాడే.

ఆ ఎత్తుకు విరుగుడు చివరికి నియమం మార్చడమే అయింది. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్ లీగ్‌లో అంతకు ముందు సీజన్‌లో 4,700 గోల్స్ పడితే, మార్చిన సీజన్‌లో 6,373 పడ్డాయి. తమాషా ఏమిటంటే, అప్పటికి మెక్‌క్రాకెన్ ఆటగాడిగా లేడు. 1923లోనే హల్ సిటీ జట్టుకు మేనేజర్‌గా వెళ్లిపోయాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ఇంకొక్క మాట. ఇంగ్లండ్ ఆటగాళ్లకు ఇచ్చే 10 పౌండ్లే తనకూ ఇవ్వమని అడిగినందుకు ఐరిష్ ఫుట్‌బాల్ సంఘం ఆయనను ఏళ్ల తరబడి జాతీయ జట్టుకు దూరంగా పెట్టింది. మళ్లీ పిలిచింది మొదటి ప్రపంచ యుద్ధం తరువాతే. దీన్ని ‘అధిక పారితోషికం కోరాడు’ అని రాశాను.

అదే మాస్టారు:
రెండు మాటలూ కొట్టేయండి. పరితోషం అంటే సంతోషం. ఇచ్చేవాడు సంతోషించి చేతిలో పెట్టేది పారితోషికం. ఈయన అడిగింది పనికి తగ్గ డబ్బు. ‘అధికం’ అంటే మీరూ సంఘం పక్షాన నిలబడ్డట్టే. ‘సమాన మ్యాచ్ ఫీజు అడిగాడు’ అంటే చాలు. న్యూకాజిల్‌లో ఆయన జీతానికి ఆడేవాడు. ఇంగ్లండ్‌లో 1901 నుంచి ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లే గరిష్ఠ జీతమని కట్టడి ఉండేది. అలాంటి రోజుల్లో ఒక్క మ్యాచ్‌కు 10 పౌండ్లంటే రెండున్నర వారాల జీతం. అడగడా మరి?

వల అన్నవారు:
ఎత్తుగడకు నాకు అభ్యంతరం లేదు. కాని ‘ఆఫ్‌సైడ్’ను కూడా తెలుగు చేయాలని ఎవరైనా పట్టుబడితే ఒక పరీక్ష పెడతాను. న్యూకాజిల్‌లో చెప్పుకునే కథ ఇది. బయటి జట్టు ఒకటి మ్యాచ్ కోసం రైల్లో వచ్చింది. స్టేషన్‌లో దిగుతుండగానే గార్డు ఈల ఊదాడు. జట్టులో ఒకడు నిట్టూర్చి, ‘అప్పుడే ఆఫ్‌సైడా!’ అన్నాడట. ఇక్కడ ‘అప్పుడే పక్షం తప్పామా’ అని పెట్టి చూడండి, ఎవరైనా నవ్వుతారేమో.

మాస్టారు:
నవ్వరు. ఆఫ్‌సైడ్‌ను అలాగే ఉంచండి. క్రికెట్ అనుకోకుండా మొదటి వాక్యంలోనే ‘ఫుట్‌బాల్’ అని వేయండి.