మాంటూ టెస్టులో చెయ్యి పొంగలేదు, అయినా టీబీ అంటన్నారు, ఎట్లా?

సీమ_తమ్ముడు:
మా నాయనకి రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే సన్నగా జొరం, బెల్టుకి కొత్తగా రెండు బొక్కలు పొడవాల్సొచ్చింది అంత చిక్కిపోయినాడు. ముందు టీబీ ఉందేమో చూసే మాంటూ సూది చేతికేసినారు, 3 రోజులకి చూస్తే దోమ కుట్టినంత కూడా లేదు, హమ్మయ్య అనుకున్యాం. నిన్న తెమడ పరీక్షలో టీబీ పాజిటివ్ అని వచ్చింది. లోపల అన్ని క్రిములుంటే ఒళ్ళు ఉలకదు పలకదు ఏంది? ఇమ్యూనిటీ ఏం చేస్తాంది?

ల్యాబ్_అక్క:
తమ్ముడూ, మాంటూ క్రిమిని చూడదు, క్రిమిని గుర్తుపట్టే టీ కణాలు (ఇమ్యూనిటీలో ఒక రకం తెల్లకణాలు) స్పందిస్తున్నాయా అని చూస్తుంది. జబ్బు ముదిరినోళ్ళకి, బాగా నీరసించినోళ్ళకి, హెచ్‌ఐవీ ఉన్నోళ్ళకి అసలు పొంగకపోవచ్చు. మందులు పడి కోలుకున్నాక మళ్ళీ చేస్తే పొంగినవాళ్ళు ఉన్నారు.

మైక్రోబయాలజీ_పిల్లోడు:
మామూలు బ్యాక్టీరియానైతే మాక్రోఫేజ్ అనే తెల్లకణం మింగి ఒక సంచిలో వేస్తది, ఆ సంచికి యాసిడ్, ఎంజైములుండే లైసోజోమ్ వచ్చి కలుస్తది, అంతే అరిగిపోద్ది. టీబీ క్రిమి ఆ రెండిటినీ కలవనీదు, మింగినదాని కడుపులోనే కాపురం పెడతది. పైగా ఊపిరితిత్తుల నుంచి టీ కణాలుండే లింఫ్ గడ్డలకి కబురు పోవడం కూడా లేటు చేస్తది కాబట్టి టీ కణాలు కదిలేసరికే వారాలు గడిచిపోతాయి. ఈ.కోలై అనే పేగుల్లోని బ్యాక్టీరియా 20 నిమిషాలకి ఒకటి రెండైతే ఇది దాదాపు రోజు తీసుకుంటది, తొందరేం లేదు దానికి. ఇంకోటి, ఊపిరితిత్తులు దెబ్బతినకూడదని మన ఒళ్ళే ఐఎల్-10 లాంటి, ఇమ్యూనిటీని శాంతపరిచే పదార్థాలు వదిలి పోరాటానికి బ్రేకేస్తది, అదీ క్రిమికే కలిసొస్తది.

సీమ_తమ్ముడు:
ఇప్పుడర్థమైంది అన్నా. నాయనకి షుగర్ కూడా ఉంది. ఇమ్యూనిటీ పౌడర్లు ఏమన్నా తెమ్మంటారా?

ల్యాబ్_అక్క:
పౌడర్లొద్దు నాయనా, ఆ డబ్బులు గుడ్లకి, పప్పుకి పెట్టు. షుగర్ ఉంటే టీబీ వచ్చే అవకాశమే 2, 3 రెట్లు ఎక్కువ, ముందు అది కంట్రోల్లో పెట్టించు. మామూలు టీబీకి 6 నెలల కోర్సు, రెండో నెలకే దగ్గు తగ్గి మనిషి తేరుకుంటాడు, అక్కడే చాలామంది ఆపేస్తారు, దయచేసి ఆపనీకు. టీబీ రోగుల పేర్లు రాసుకునే సర్కారు నిక్షయ్‌లో పేరు ఎక్కించుకుంటే తిండికి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలున్నారా?

సీమ_తమ్ముడు:
మా అన్న కూతురు, మూడేళ్ళు. రోజూ నాయన పక్కనే పడుకుంటాది అక్కా. పొద్దున్నే పాపని ఆస్పత్రికి చూపియ్యను తీసుకపోతాం.