నేను అడగని అప్పులకు నా క్రెడిట్ రిపోర్టులో ఎంక్వైరీలు: తీయించుకోవడం ఎలా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. గృహరుణానికి దరఖాస్తు పెట్టే ముందు ఒకసారి చూసుకుందామని పోయిన వారం నా క్రెడిట్ రిపోర్టు తీసుకున్నాను. అప్పులు, వాయిదాల వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ, చివర ఎంక్వైరీల (అప్పు దరఖాస్తు వచ్చిందని సంస్థలు మన రిపోర్టు తెప్పించుకున్న నమోదుల) పట్టికలో గత ఐదు నెలల్లో నాలుగు నమోదులు కనిపించాయి. వాటిలో ఒకటి నా బ్యాంకుది. క్రెడిట్ కార్డు కోసం నేనే అడిగాను. మిగిలిన మూడూ నేను పేరైనా వినని ఎన్‌బీఎఫ్‌సీలవి (బ్యాంకులు కాని రుణ సంస్థలవి). ఒకదాని ఎదుట వినియోగ వస్తువుల రుణం, 22,000 రూపాయలు అని ఉంది. మిగతా రెండింటి ఎదుట వ్యక్తిగత రుణం, చెరి 3,00,000 రూపాయలు అని, రెండూ ఒకే తేదీతో ఉన్నాయి.

రిపోర్టు చూసిన బ్యాంకు మేనేజరు గారు "ఇన్నిచోట్ల అప్పుకు తిరిగారేమిటండీ?" అని అడిగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఈ రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకు (క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీకి) ఫోను చేస్తే ఆ సంస్థలతో మాట్లాడమన్నారు. ఒక సంస్థకు ఫోను చేస్తే బ్యూరోతోనే మాట్లాడమన్నారు. అమెరికాలో ఉన్న మా తోడల్లుడు గారు అక్కడి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టాన్ని ఉటంకిస్తూ ఒక నమూనా లేఖ పంపారు. అది ఇక్కడ చెల్లుతుందా? అసలు మొదట ఎవరికి రాయాలి?

జవాబు 1 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

ఆ లేఖను పక్కన పెట్టేయండి. అది అమెరికా చట్టం. ఇక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనకు 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం ఉంది. అందులోని 21వ సెక్షన్ ప్రకారం మీ సమాచారంలో తప్పును సవరించమని అడిగే హక్కు మీకుంది, అడిగిన 30 రోజుల్లోగా చర్య తీసుకోవలసిన బాధ్యత బ్యూరోకూ అప్పిచ్చే సంస్థకూ ఉంది. అయితే అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. అప్పిచ్చే సంస్థ ధ్రువీకరించిన తరువాతే బ్యూరో ఏ సవరణైనా చేయగలదు. మిమ్మల్ని ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ తిప్పడానికి మూలం ఆ మెలికే. అందువల్ల ఇద్దరికీ ఒకే రోజు రాయండి. బ్యూరో వెబ్‌సైటులో వివాదం నమోదు చేసి ఆ నంబరు రాసి పెట్టుకోండి, అదే నంబరును ప్రస్తావిస్తూ ఆ మూడు ఎన్‌బీఎఫ్‌సీల ఫిర్యాదుల పరిష్కార అధికారులకు ఈమెయిల్ పంపండి. ఫోను మాటలకు తేదీ ఉండదు, ఈమెయిల్‌కు ఉంటుంది.

ఇక లేఖలో ఏం రాయాలన్నది అసలు విషయం. చాలామంది "ఈ ఎంక్వైరీ నాది కాదు, వెంటనే తొలగించండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. దానికి "మా రికార్డుల ప్రకారం సరిగానే ఉంది" అన్న రెండు ముక్కల జవాబే వస్తుంది. నేను రుణాల విభాగంలో పనిచేసిన కాలంలో అటువంటి జవాబుల మీద నేనూ సంతకాలు పెట్టాను, దాచడమెందుకు. ఫలానా తేదీన నా రిపోర్టును మీరు తెప్పించుకోవడానికి ఆధారమైన దరఖాస్తు సంఖ్య, అంగీకారం నమోదైన తేదీ, సమయం, ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు, మీకు ఆ దరఖాస్తును పంపిన యాప్ లేదా ఏజెంటు పేరు తెలియజేయండి. అవి చూపలేకపోతే ఈ నమోదును తొలగించమని బ్యూరోకు ధ్రువీకరణ పంపండి, అని అడగండి. అనుమతి లేకుండా ఇంకొకరి క్రెడిట్ సమాచారాన్ని పొందడం అదే చట్టంలోని 22వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి లక్ష రూపాయల వరకు జరిమానా పడే తప్పు అని చివర్లో ఒక వాక్యం ఉంటే, లేఖ గుమాస్తా బల్ల దాటి పైకి వెళుతుంది.

ఇంకొక మాట. సంస్థ ఏ బ్యూరో నుంచి రిపోర్టు తెప్పించుకుందో అందులోనే ఎంక్వైరీ పడుతుంది. కాబట్టి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగింటి నుంచీ రిపోర్టులు తీసుకోండి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ప్రతి బ్యూరో ఉచితంగా ఇవ్వాలి, మీ రిపోర్టును మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు.

జవాబు 2 (హైదరాబాద్)

పై జవాబుతో ఏకీభవిస్తాను గానీ, ఆ 22,000 రూపాయల నమోదు విషయంలో తొందరపడకండి. నేను మూడేళ్లు ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఫైనాన్స్ కౌంటరు దగ్గర పనిచేశాను. కొనడానికి వచ్చినవారు "వాయిదాల మీద వస్తుందేమో చూడండి" అనగానే పాన్ నంబరు, పుట్టిన తేదీ తీసుకుని, ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీలో ప్రయత్నించేవాళ్లం. ఫోనుకు ఓటీపీ వస్తుంది, వారు దాన్ని పైకి చదివి చెబుతారు, మేము కొడతాం. ఆ ఓటీపీ సందేశంలో అంగీకారం అనే మాట ఉంటుందని చదివినవారిని నేను చూడలేదు. చివరికి కార్డు మీదనో నగదు ఇచ్చో కొనుక్కుని వెళ్లిపోతారు, ఎంక్వైరీ మాత్రం మిగిలిపోతుంది. ఆ తేదీన మీరు ఎక్కడున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. అలాగే యాప్‌లో కనిపించే పేరు ఒకటి, వెనక అప్పిచ్చే సంస్థ పేరు మరొకటి కావడం సర్వసాధారణం. 2025 జూలై నుంచి రిజర్వ్ బ్యాంకు తన వెబ్‌సైటులో రుణ యాప్‌ల జాబితాను ఉంచుతోంది. మీరు వినని పేరు ఏ యాప్ వెనక ఉందో అందులో వెతకవచ్చు.

ప్రశ్నించినవారు

సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. ఆ 22,000 నాదే. అదే తేదీన ఇంట్లోవాళ్లతో ఫ్రిజ్ కొనడానికి వెళ్లాం, వడ్డీ లేని వాయిదాలంటే ఓటీపీ చెప్పాను, తరువాత మా ఆవిడ వద్దనడంతో డబ్బు కట్టి తెచ్చుకున్నాం. బిల్లు ఇంకా ఫ్రిజ్ పైనే ఉంది. ఆ నమోదును వదిలేసి మిగిలిన రెండింటి మీదే రాశాను.

జవాబు 3 (విశాఖపట్నం)

వదిలేయడమే మంచిదైంది, నిజమైన నమోదును కూడా కలిపి రాస్తే మిగతా రెండింటి మీద మీ మాటకు విలువ తగ్గేది. నా విషయంలో ఎంక్వైరీతో ఆగలేదు. నెలన్నర తరువాత అదే సంస్థ పేరుతో అప్పు ఖాతా కూడా రిపోర్టులో కనిపించింది. కనుక ఖాతాల భాగాన్ని కూడా కొన్నాళ్లు గమనిస్తూ ఉండండి. అప్పు తెరిచి ఉంటే అది కేవలం సవరణ వ్యవహారం కాదు, సైబర్ నేరం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.

గడువు గురించి కూడా తెలుసుకోండి. 2023 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. సంస్థ 21 రోజుల్లోగా సరిచేసిన సమాచారం పంపకపోతే ఆ డబ్బు సంస్థ నుంచి, అది పంపినా బ్యూరో జాప్యం చేస్తే బ్యూరో నుంచి రావాలి. నాకు 1,900 వచ్చాయి. అడిగితేనే వచ్చాయి.

ప్రశ్నించినవారు (ఐదు వారాల తరువాత)

మొదటి సంస్థ పన్నెండో రోజున జవాబిచ్చింది. దరఖాస్తు పత్రమేదీ తమ దగ్గర లేదని ఒప్పుకుని తొలగింపుకు ధ్రువీకరణ పంపింది. నిన్న తీసిన రిపోర్టులో ఆ వరుస లేదు. రెండో సంస్థ మాత్రం "అంగీకారం ఉంది, తొలగించలేము" అంటూ ఒక పట్టిక పంపింది. పాన్ నాదే, పుట్టిన తేదీ నాదే, సమయం రాత్రి 11:48. మొబైల్ నంబరు మాత్రం నాది కాదు. ఆ నంబరును నేనెప్పుడూ వాడలేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1 రాసినవారు

వాళ్లు మీకు వ్యతిరేకంగా పంపామనుకున్న పట్టికే మీకు సాక్ష్యమైంది. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఉన్న మొబైల్ కనెక్షన్ల జాబితా వస్తుంది. అందులో ఆ నంబరు లేదని చూపే స్క్రీన్‌షాట్ తీసి, వాళ్ల పట్టికతో కలిపి, ఓటీపీ నాకు రానప్పుడు అంగీకారం నాదెలా అవుతుందని అదే ఈమెయిల్‌కు కొనసాగింపుగా ఈ రాత్రే పంపండి. మీ పాన్ వాడినవారెవరో తేలాలి కాబట్టి సైబర్ ఫిర్యాదు కూడా చేయండి. సంస్థ అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) పోర్టల్‌లో సంస్థ మీద, బ్యూరో మీద ఫిర్యాదు వేయవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఆ పథకం కిందికి వచ్చాయి. గృహరుణం కోసం ఇదంతా తేలేదాకా ఆగనక్కరలేదు. సంస్థ పట్టిక, మీ జవాబు, ఫిర్యాదు రసీదు మూడూ ఒక కవరులో పెట్టి దరఖాస్తుతో పాటు ఆ మేనేజరు గారికే ఇవ్వండి.