ధవళేశ్వరం లాకులు పిల్లలకు చూపించాలి, తెలిసినవాళ్లు చెప్పండి

మాది సిరోంచ. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా దగ్గరే. మా పిల్లలిద్దరూ ఒడ్డున ఇసుకలో కాలువ తవ్వి, చెప్పు అడ్డం పెట్టి నీళ్లు ఆపుతూ ఆడతారు. అది చూసి మొన్న పాపకు లాకు సంగతి చెప్పాను: పడవను రెండు తలుపుల మధ్య ఆపి నీళ్లు నింపితే, నీటితోపాటే పైకి లేస్తుందని. "అయితే పడవ మెట్లెక్కుతుందా నాన్నా?" అంది. ఆ మెట్లు దానికి చూపించాలి.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం వెళ్దామనుకుంటున్నాం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి దసరా సెలవుల్లో. అక్కడ లాకు తలుపులు తెరవడం, మూయడం ఇప్పటికీ చూడొచ్చా? లేకపోతే కోనసీమలో ఏ లాకు దగ్గరకెళ్లాలి? బాబుకి ఆరేళ్లే, ఒక్కచోట నిలవడు. గట్టుకు రెయిలింగ్ ఉందో లేదో తప్పకుండా చెప్పండి.