గులాబీ దగ్గర "నేమ్"ఆ, "వర్డ్"ఆ?

వెన్నెల పిచ్చి: షేక్‌స్పియర్ రోమియో జూలియట్, బాల్కనీ సీను. గులాబీని "బై ఎనీ అదర్ నేమ్" పిలిచినా అదే పరిమళం అన్న జూలియట్ మాట కదా మనందరి నోటా ఉన్నది? మా అమ్మాయి పుస్తకంలో "వర్డ్" అని ఉంది. అచ్చుతప్పా?

పాతకాలపు పంతులు: తప్పు కాదమ్మా, పాఠాంతరం, అంటే ఒక్కో ప్రతిలో ఒక్కో మాట. 1597 క్వార్టోలో (చిన్న సైజు అచ్చుప్రతి) నేమ్, 1599 క్వార్టోలో వర్డ్. 1623 ఫోలియో (నాటకాలన్నీ కూర్చిన పెద్ద సైజు సంపుటం) కూడా వర్డ్ వైపే. మొదటిదాన్ని నమ్మదగని పాఠమంటూ "బ్యాడ్ క్వార్టో" అని ఈసడిస్తారు గానీ, జనం నోట నిలిచింది దాని పాఠమే.

గోదారి గట్టు: వర్డే ఉండాలి. "వర్డ్ వుడ్" అంటూ వకారం ఎలా జారిందో చూడండి! పైగా రెండు ముక్కల ముందే "వాట్స్ ఇన్ ఎ నేమ్" అనేసింది. మళ్ళీ నేమ్ అంటే పునరుక్తి దోషం.

కందగడ్డ: దోషమేంటండీ! పద్నాలుగేళ్ళు నిండని పిల్ల. "రెఫ్యూజ్ దై నేమ్" (నీ పేరు వదులుకో), "బీ సమ్ అదర్ నేమ్" (ఇంకో పేరువాడివి కా) అంటూ ఆ పేరునే పట్టుకుని వేలాడుతోంది. అక్కడ పునరుక్తే అందం. నా ఓటు నేమ్‌కి.

పాతకాలపు పంతులు: అది సరే, అలంకారం ఏమిటి? నేనైతే అర్థాంతరన్యాసం అంటాను, విశేషాన్ని సామాన్య సత్యంతో సమర్థించడం.

గోదారి గట్టు: మాస్టారూ, మన్నించాలి. గులాబీ విశేషమే, రోమియో విశేషమే. సామాన్యం ఎక్కడుంది? పోనీ దృష్టాంతం అందామంటే, అందులో పోలిక మాట ఉండకూడదు, "సో రోమియో వుడ్"లో "అలాగే" అనే ఆ "సో" అడ్డం.

కందగడ్డ: ఉత్త ఉపమ అనేసి ఊరుకుందామా? మరీ చప్పగా ఉంటుంది.

వెన్నెల పిచ్చి: పరీక్షలో ఏది రాయమనాలి?

తంజావూరు తాంబూలం: అసలు చమత్కారం రోమియో జూలియట్ల మొదటి కలయికలో ఉంది. "పామ్ టు పామ్ ఈజ్ హోలీ పామర్స్ కిస్." పామ్ అంటే అరచెయ్యి. పామర్ అంటే జెరూసలేం వెళ్ళి ఖర్జూరపు మట్ట తెచ్చుకున్న యాత్రికుడు. ఇటాలియన్‌లో రోమియో అన్నా రోమ్‌కి వెళ్ళే యాత్రికుడే! ఇద్దరి మాటలూ కలిస్తే సరిగ్గా ఒక సానెట్, పద్నాలుగు పాదాల పద్యం. యాత్రికుడి ముసుగులో ప్రేమ అంటే మన చేమకూర వేంకటకవి గుర్తురాలేదా ఎవరికీ? ఆయన కావ్యం విజయవిలాసంలో తీర్థయాత్రకి బయల్దేరిన అర్జునుడు యతి వేషం కట్టి సుభద్ర చేత సేవలు చేయించుకోలేదూ? ఇద్దరు కవులూ ఇంచుమించు ఒకే కాలం వాళ్ళు. తంజావూరు రాజు రఘునాథ నాయకుడు "ప్రతి పద్యమునందు జమత్కృతి" అని ఊరికే మెచ్చుకున్నాడా?

గోదారి గట్టు: అక్కడ కథ పెళ్ళికి చేరింది, ఇక్కడ గోరీకి. పోల్చేదేముంది? శ్లేష (ఒకే మాటకి రెండర్థాలు) అంటే రోమియో స్నేహితుడు మెర్క్యూషియోది. కత్తిపోటు తిని చస్తూ, రేపు నాకోసం అడిగితే "గ్రేవ్ మాన్" కనిపిస్తాడు అంటాడు. గంభీరుడూ వాడే, గోరీలో ఉన్నవాడూ వాడే. నాటకం నవ్వుల దారి వదిలేసేది అక్కడే.

తంజావూరు తాంబూలం: చేమకూర శ్లేష రుచి తెలియాలంటే విజయవిలాసానికి తాపీ ధర్మారావు గారి హృదయోల్లాస వ్యాఖ్య చదవాలి సార్. చదివాక మాట్లాడుకుందాం.

గోదారి గట్టు: మీకంటే ముందే చదివాను లెండి. ఎవరో పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు.

కందగడ్డ: స్కాన్ ఉంటే పెట్టండి ఎవరైనా.

పాతకాలపు పంతులు: నా దగ్గరుంది. రెండో ఆశ్వాసం పేజీలు చెదలు తినేశాయి, ఫర్వాలేదా?