కర్క్యుమిన్ ముందు ఇస్తే క్యాంప్టోథెసిన్ దెబ్బ తగ్గుతోంది. కణం రక్షణ జన్యువుల్ని లేపే ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రోటీన్ వల్లేనా?

గుంటూరు_ఎంఫార్మ్:
నమస్కారం అండి. దుగ్గిరాల పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్‌ని కణాల డీఎన్‌ఏని దెబ్బతీసే క్యాంప్టోథెసిన్‌తో కలిపి ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్), ఏ549 (ఊపిరితిత్తుల క్యాన్సర్) కణాల మీద చూస్తున్నాం. కర్క్యుమిన్ 5 మైక్రోమోలార్ 16 గంటలు, కడిగేసి క్యాంప్టోథెసిన్ 24 గంటలు, తర్వాత ఎంటీటీ (బతికున్న కణాలు ఊదా రంగు తెచ్చే పరీక్ష). రెండూ కలిస్తే ఎక్కువ కణాలు చావాలి కదా, ఎంసీఎఫ్-7లో తక్కువ చస్తున్నాయి. ఏ549 అయితే కర్క్యుమిన్ ఒక్కటీ 20 మైక్రోమోలార్ ఇచ్చినా పెద్దగా చలించడం లేదు. విడిగా 20 మైక్రోమోలార్ కర్క్యుమిన్‌తో పాటు ఎన్‌ఏసీ అనే యాంటీఆక్సిడెంట్ 5 మిల్లీమోలార్ వేస్తే ఎంసీఎఫ్-7 కణాలన్నీ బతికాయి. దీన్ని బట్టి చావుకి కారణం ఆర్‌వోఎస్ (కణంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు) అనీ, కాపాడింది ఎన్‌ఆర్‌ఎఫ్2 అనీ థీసిస్‌లో రాసేయొచ్చా?

నల్లపాడు_సెల్‌బయాలజీ:
ఇప్పుడే రాయకండి. ముందు ఏ549 సంగతి చూద్దాం. మామూలు కణంలో కీప్1 అనే ప్రోటీన్ ఎన్‌ఆర్‌ఎఫ్2ని పట్టుకుని ఎప్పటికప్పుడు ప్రోటియసోమ్‌కి (ప్రోటీన్లని ముక్కలు చేసే యంత్రం) అప్పజెప్పేస్తుంది. కర్క్యుమిన్ లాంటి ఎలక్ట్రోఫైల్ (ఎలక్ట్రాన్లు ఎక్కువున్న చోటికి అతుక్కునే అణువు) వచ్చి కీప్1లోని సిస్టీన్లకి (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలకి), ముఖ్యంగా 151వ దానికి, అతుక్కుంటేనే ఎన్‌ఆర్‌ఎఫ్2 బతికి కేంద్రకంలోకి వెళ్తుంది. ఏ549లో కీప్1 జన్యువులోనే మ్యుటేషన్ ఉంది, ఎన్‌ఆర్‌ఎఫ్2 ఎప్పుడూ విడిగానే ఉంటుంది. మందు పడకముందే అది పెంచే రక్షణ పదార్థాలు, గ్లూటాథయోన్, ఎన్‌క్యూవో1 నిండుగా ఉంటాయి. కాబట్టి ఆ కణాలు లొంగకపోవడంలో వింత లేదు.

ఎంసీఎఫ్-7లో కీప్1 బాగానే ఉంది. అక్కడ మీరిచ్చిన 5 మైక్రోమోలార్ కణాన్ని చంపడానికి చాలదు, అప్రమత్తం చేయడానికి మాత్రం సరిపోతుంది. 16 గంటల్లో హెచ్‌వో-1 అనే రక్షణ ఎంజైమూ, గ్లూటాథయోన్ తయారుచేసే ఎంజైములూ పెరగడానికి కావలసినంత సమయం దొరికింది. మీ ఊహ తప్పని అనను. కానీ ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మూసేయకుండా ముందుకి వెళ్లకూడదు. క్యాంప్టోథెసిన్ డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-1 ఎంజైముని డీఎన్‌ఏ మీదే బిగించేస్తుంది. ఆ దెబ్బ ముఖ్యంగా తగిలేది ఎస్ దశలో, డీఎన్‌ఏ కాపీ చేసుకుంటున్న కణానికి. కర్క్యుమిన్ విభజనను నెమ్మది చేసినా ఎస్ దశలో కణాలు తగ్గి, ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రమేయం లేకుండానే మీకు ఇదే ఫలితం వస్తుంది.

16 గంటల కర్క్యుమిన్ తర్వాత, క్యాంప్టోథెసిన్ వేయబోయే ముందు, ప్రొపీడియం అయొడైడ్ అనే డీఎన్‌ఏ రంగుతో సెల్ సైకిల్ చూడండి. ఎస్ దశ తగ్గకపోతే ఎన్‌ఆర్‌ఎఫ్2 తయారీని ఆపే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఇచ్చి మొత్తం ప్రయోగం మళ్లీ చేయండి. కాపుదల పోతే మీ మాట నిలబడుతుంది. వరస మార్చి కూడా చూడాలి: కర్క్యుమిన్ ముందు, రెండూ ఒకేసారి, క్యాంప్టోథెసిన్ ముందు. స్ట్రెస్ రెస్పాన్స్ వల్లే అయితే మూడూ ఒకేలా రావు.

వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రోటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష) 0, 2, 4, 8, 16 గంటల శాంపిళ్లు తీయండి. ఎన్‌ఆర్‌ఎఫ్2 ముందు లేస్తుంది, హెచ్‌వో-1 దాని వెనక వస్తుంది. 16 గంటల శాంపిల్ ఒక్కటే చూస్తే ఎన్‌ఆర్‌ఎఫ్2 అప్పటికే దిగిపోయి ఉండొచ్చు. దాని బ్యాండు జెల్‌లో 95 నుంచి 110 కిలోడాల్టన్ల మధ్య వస్తుంది. లెక్క ప్రకారం రావలసిన బరువు 66 దగ్గర కదా అని అక్కడ కనిపించే బ్యాండుని తీసుకునేవాళ్లు చాలామంది, అది ఎన్‌ఆర్‌ఎఫ్2 కాదు. పాజిటివ్ కంట్రోల్‌గా ప్రోటియసోమ్‌ని ఆపే ఎంజీ132 10 మైక్రోమోలార్ 4 గంటలు పెట్టుకోండి. ఇంకొకటి, ఎంసీఎఫ్-7లో క్యాస్పేస్-3 ఎంజైము ఉండదు. అపాప్టోసిస్‌కి (కణం తనని తాను చంపుకోవడానికి) గుర్తుగా చీలిన పార్ప్ ప్రోటీన్ చూడండి, లేకపోతే క్యాస్పేస్-7.

బెజవాడ_ఫార్మకాలజీ:
ఎన్‌ఏసీ ప్రయోగం మీద నాకు నమ్మకం లేదు. ఎన్‌ఏసీలో థయోల్ (గంధకం-హైడ్రోజన్ గుంపు) ఉంది. కర్క్యుమిన్ నిర్మాణంలో థయోల్‌తో నేరుగా కలిసే చోటు ఉంది. అంటే రెండూ మీడియంలోనే ఒకదాన్నొకటి పట్టేసుకుని ఉండొచ్చు, కణం దాకా మందు చేరకుండానే. పెన్నేరు గడ్డ (అశ్వగంధ)లోని వితఫెరిన్-ఏకీ ఇదే చిక్కు. థయోల్ లేని ట్రోలాక్స్ అనే యాంటీఆక్సిడెంట్‌తోనో పెగ్-క్యాటలేజ్ అనే ఎంజైముతోనో కూడా కణాలు బతికితే అప్పుడు ఆర్‌వోఎస్ మాట ఎత్తండి. అన్నట్టు, 5 మిల్లీమోలార్ ఎన్‌ఏసీ వేస్తే మీడియం ఆమ్లమవుతుంది. స్టాకుని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4కి తెచ్చారా?

డీసీఎఫ్ రంగుతో ఆర్‌వోఎస్ కొలిచే ఆలోచన ఉంటే కర్క్యుమిన్ సొంత మెరుపు కూడా ఆ పచ్చ చానెల్‌లోనే పడుతుందని గుర్తుంచుకోండి. రంగు వేయని, కర్క్యుమిన్ మాత్రమే ఉన్న వెల్ తప్పనిసరి. ఎంటీటీ కూడా అంతే: కణాలు లేని వెల్‌లో మందు, ఎంటీటీ వేసి చూడండి, ఊదా రంగు తిరిగితే మీ లెక్కలో దొంగ సజీవ కణాలు ఉన్నట్టే. రంగు వేసే ముందు మందు మీడియం తీసేసి, పీబీఎస్ ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగాలి. ఒక్కసారైనా చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టి సరిపోల్చండి.

సీరం లేని బఫర్‌లో, పీహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గర అరగంటలో కర్క్యుమిన్ దాదాపు 90 శాతం విరిగిపోతుంది. 10 శాతం సీరం ఉంటే గంటల తరబడి నిలుస్తుంది. సీరం తగ్గించిన ప్లేటుకీ మామూలు ప్లేటుకీ ఐసీ50 (సగం కణాల్ని అణచే మోతాదు) పోల్చవద్దు. కర్క్యుమిన్ స్టాకు 20 మిల్లీమోలార్, అంటే మందు కరిగించే డీఎంఎస్‌వో మిల్లీలీటరుకి 7.37 మిల్లీగ్రాములు. దాన్ని వెయ్యి రెట్లు పలచన చేస్తే 20 మైక్రోమోలార్, డీఎంఎస్‌వో 0.1 శాతం దాటదు. ఈ లెక్క శుద్ధమైన కర్క్యుమిన్‌కే. పసుపు నుంచి తీసినదాంట్లో డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ రూపాలు కూడా ఉంటాయి, పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో శాతం తేల్చకుండా మైక్రోమోలార్ అని రాయకూడదు.

పటమట_ల్యాబ్:
పైవాళ్లు చెప్పనిది ఒకటి. ప్రయోగాలు ఏ నెలలో చేశారు? మామూలు సీవో2 ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. బయటి గది దాని సెట్టింగ్ కన్నా కనీసం 5 డిగ్రీలు తక్కువ ఉండాలి. మన మే నెలలో రాత్రి ఏసీ ఆగితే లోపల 37 దాటుతుంది. ల్యాబుల్లో హెచ్‌ఎస్‌పీ70 (వేడి దెబ్బకి కణం తయారుచేసుకునే రక్షణ ప్రోటీన్) కావాలనే లేపడానికి ఇచ్చే వేడి 42 డిగ్రీలు, ఒక గంట. అంటే మీరు మందు వేయకముందే కణాలకి ఇంకో కవచం తొడిగినట్టవుతుంది, హెచ్‌ఎస్‌పీ70ని లేపే హెచ్‌ఎస్‌ఎఫ్1 ద్వారా. ఇంక్యుబేటర్‌లో గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే థర్మామీటర్ పెట్టండి. మందు వేయని శాంపిల్‌లో హెచ్‌ఎస్‌పీ70 బ్యాండు ఒక వారానికీ ఇంకో వారానికీ మారుతుంటే ఆ ప్లేట్లు పక్కన పెట్టేయాల్సిందే.

గుంటూరు_ఎంఫార్మ్:
చాలా థాంక్స్ అండి. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏకి బడ్జెట్ కష్టం. బ్రూసటోల్‌తో ఎన్‌ఆర్‌ఎఫ్2 దించితే సరిపోతుందా?

నల్లపాడు_సెల్‌బయాలజీ:
సరిపోదు. బ్రూసటోల్ మొత్తం ప్రోటీన్ తయారీనే ఆపుతుంది, త్వరగా అరిగిపోయే ప్రోటీన్ కాబట్టి ఎన్‌ఆర్‌ఎఫ్2 ముందు పడిపోతుంది, అంతే. ఖర్చు తక్కువలో కావాలంటే బీఎస్‌వో 100 మైక్రోమోలార్ తీసుకోండి. కర్క్యుమిన్ కన్నా కొన్ని గంటల ముందు మొదలుపెట్టి, 16 గంటలూ ఉంచండి. గ్లూటాథయోన్ తయారీ ఒక్కటే ఆగుతుంది. క్యాంప్టోథెసిన్ బలం తిరిగొస్తే కాపాడిందాంట్లో గ్లూటాథయోన్ వాటా ఉందని రాయండి, ఎన్‌ఆర్‌ఎఫ్2 అని మాత్రం రాయొద్దు. బీఎస్‌వో ఒక్కటే వేసిన వెల్, బీఎస్‌వోతో క్యాంప్టోథెసిన్ వేసిన వెల్ రెండూ ఉండాలి. చర్చలో రోగులకి సలహా కూడా పెట్టకండి. గ్రాముల్లో మింగినా రక్తంలో విడి కర్క్యుమిన్ మీరు ప్లేటులో ఇచ్చే 5 మైక్రోమోలార్‌ దాకా రాదు.