జేబులో పేలిన వేప్ బ్యాటరీ: ఎవరిని అడగాలి?

ప్రశ్న (డల్లాస్ నుంచి): మా రూమ్మేట్ ప్యాంటు జేబులో వేప్‌లో (ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో) వేసే విడి 18650 సెల్ (వేలెడంత లిథియం-అయాన్ బ్యాటరీ) పేలి తొడ కాలింది. అదే జేబులో కారు తాళాలున్నాయి. సెల్‌ని వేప్ షాపువాళ్లే అమ్మారు. డబ్బా కూడా ఇవ్వకుండా ఉత్త సెల్ చేతిలో పెట్టారట. ఇప్పుడు అడిగితే "కంపెనీని అడుక్కోండి" అంటున్నారు. కంపెనీ ఏమో "మేం వేప్‌లకి అమ్మనే అమ్మం" అంటోంది. హాస్పిటల్ బిల్లు చూస్తే టెన్షన్‌గా ఉంది. బాధ్యత ఎవరిది?

జవాబు 1: తాళాలతో కలిపి జేబులో వేసుకుంది ఎవరు? మీవాడేగా!

జవాబు 2: బ్యాటరీ ప్యాక్‌లు టెస్ట్ చేయడమే నా ఉద్యోగం. ఆ సెల్ ఒళ్లంతా నెగటివే, పాజిటివ్ పైనున్న చిన్న బొడిపె ఒక్కటే. రెండింటికీ అడ్డం పల్చటి ప్లాస్టిక్ ర్యాప్. అది పైఅంచున గోరంత చిరిగి, తాళంచెవి తగిలిందా, షార్టే. ల్యాప్‌టాప్ ప్యాక్‌లో కాపలాకి సర్క్యూట్ ఉంటుంది, విడి సెల్‌కి అదీ ఉండదు. 2021 జనవరిలోనే సీపీఎస్‌సీ (వినియోగ వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) విడి 18650లు కొనొద్దు, వాడొద్దు అని హెచ్చరించింది. కొన్నవాడికి తెలీదంటే నమ్ముతాను. రోజూ అమ్మేవాడికి తెలీదంటే మాత్రం నమ్మను.

అయితే టెక్సస్ చట్టం కొంచెం షాపువైపే ఉంటుంది. సరుకు తయారుచేయకుండా అమ్మినవాణ్ని మామూలుగా పట్టుకోలేం. లోపం తెలిసీ అమ్మితే, తయారీదారు ఇక్కడి కోర్టు పరిధిలోకి రాకపోతే, అలాంటి మినహాయింపులున్నాయి. కంపెనీ చెప్పే మాట కొత్తదేం కాదు. ఇలాగే జేబులో 18650 పేలిన కేసులో సెల్స్ తయారుచేసే ఎల్‌జీ కెమ్ కంపెనీ కూడా "మేం జనానికి నేరుగా అమ్మం" అంది. 2023లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అంటే పరిహారం వచ్చేసినట్టు కాదు, కేసు ఇక్కడే నడపొచ్చని మాత్రమే.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. ఆ కాలిన సెల్ చూస్తేనే భయంగా ఉంది, చెత్తలో పడేద్దామంటున్నాడు.

జవాబు 2: అస్సలొద్దు! అదే మీ సాక్ష్యం. ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచండి. ప్యాంటు ఉతకొద్దు. ర్యాప్ మిగిలుంటే దాని మీది అక్షరాలు ఫోటో తీయండి. పాత సెల్స్‌కి కొత్త ర్యాప్ చుట్టి అమ్మేవాళ్లుంటారు, అప్పుడు అసలు తయారీదారు వేరే తేలొచ్చు. రసీదు లేకపోతే కార్డ్ స్టేట్‌మెంట్ చాలు. గాయమైన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి, లాయర్‌ని ఈ వారమే కలవండి.

జవాబు 1: సరే, షాపువాడు ఒక డబ్బా ఇచ్చి ఉండాల్సింది, ఒప్పుకుంటా. అయినా మీవాడికి ఆ పొగెందుకు బాబూ!